ప్రశ్నలు – జవాబులు: కంప్యూటరు గురిచూసే తుపాకులు

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో చాలా వరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. తుపాకీ ఎన్నడూ పట్టని మనిషి ఒక అమెరికన్ రైఫిల్‌తో చాలా దూరంలోని గుర్తును మొదటి గుండుతోనే కొట్టిన వీడియో ఒకటి మన దక్షిణ ఒడిశా ప్రాంతంలో ఫోన్ల నుండి ఫోన్లకు పాకింది. దానిని చూసిన విద్యార్థులు, మాజీ సైనికులు, గోపాలపురం రేవు జాలరులు, గుణుపురం దగ్గరి ఒక రైతు కుటుంబం అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను. స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించాను.

ప్రశ్న: నేను సైన్యంలో చేరడానికి తయారవుతున్నాను. ఆ వీడియో నిజమేనా? గురి నేర్చుకోని వాడు కంప్యూటరు సాయంతో అంత దూరం ఎలా కొట్టగలడు? — ఒక విద్యార్థి, బరంపురం

నిజమే. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ట్రాకింగ్‌పాయింట్ అనే సంస్థ 2013లో అటువంటి రైఫిల్‌ను అమ్మకానికి పెట్టింది. అప్పట్లో దాని ధర ఇరవై వేల డాలర్లకు పైమాటే. అది ఎలా పనిచేస్తుందో తెలియాలంటే, అది లేనప్పుడు గురి ఎందుకు తప్పుతుందో ముందు తెలియాలి.

తూటా గీత గీసినట్టు తిన్నగా పోతుందని చాలామంది అనుకుంటారు. మూతి దాటిన క్షణం నుండే అది కిందికి పడడం మొదలవుతుంది. సెకనుకు 800 మీటర్ల వేగంతో బయలుదేరిన తూటా 300 మీటర్లు చేరేసరికి, గాలి నిరోధాన్ని పక్కనబెట్టి లెక్కవేసినా, దాదాపు 70 సెంటీమీటర్లు దిగుతుంది. దూరం రెట్టింపై 600 మీటర్లయితే దిగుడు రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. అంటే రెండు ముప్పావు మీటర్లు. గాలి నిరోధం కలిస్తే ఇంకా ఎక్కువ. పక్కగాలి తూటాను నెడుతుంది. వేడిగాలి పలుచన, చలిగాలి చిక్కన కాబట్టి మధ్యాహ్నం పడినచోట తెల్లవారుజామున పడదు. కొండ మీద నుండి లోయలోకి కాల్చేటప్పుడు లెక్క మరొకలా ఉంటుంది. ఎదుటివాడు మామూలుగా నడుస్తున్నా సరే, తూటా 600 మీటర్లు చేరేలోగా ఒక మీటరు పక్కకు జరిగిపోతాడు. ఇవన్నీ మనసులో లెక్కకట్టి, ఎంత పైకి, ఎంత పక్కకు చూడాలో తేల్చుకోవడానికి మంచి గురికాడికి ఏళ్లు పడుతుంది.

ఆ లెక్క చేసే పనిని దుర్భిణిలోని కంప్యూటరు తీసుకుంటుంది. కాల్చేవాడు దుర్భిణిలోంచి చూసి, తాను కొట్టదలచిన చోట ఒక మీట నొక్కి గుర్తు పెడతాడు. లేజరు కిరణం దూరం కొలుస్తుంది. ఉష్ణోగ్రత, గాలి ఒత్తిడి, తుపాకీ ఎటు ఒరిగి ఉంది, ఎంత ఏటవాలుగా ఉంది అన్నవి లోపలి పరికరాలు చెబుతాయి. గుర్తు పెట్టిన వస్తువు కదిలితే కెమెరా దానిని వెంబడిస్తుంది. తరువాత అతడు ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటాడు, కాని గుండు వెంటనే పేలదు. చేయి వణుకు వల్ల అటూ ఇటూ ఊగే గురిగీత సరిగ్గా ఆ గుర్తు మీదికి వచ్చిన క్షణంలో మాత్రమే పేలుతుంది. వణుకు పోలేదు, వణుకుతో పని లేకుండా పోయింది. వీడియోలో మీరు చూసిన విడ్డూరం ఇదే. మొదట వచ్చిన రైఫిళ్లలో గాలి వేగాన్ని మాత్రం కాల్చేవాడే అంచనా వేసి కంప్యూటరుకు చెప్పవలసి వచ్చేది. వీడియోలో ఆ మాట రాలేదు కనుక ఇక్కడ చెబుతున్నాను.

సైన్యాలు ఇదే దారిలో నడుస్తున్నాయి. అమెరికా సైన్యం తన కొత్త రైఫిళ్ల కోసం ఎక్స్‌ఎం 157 అనే దుర్భిణిని ఎంచుకుని 2022 జనవరిలో ఒప్పందం చేసుకుంది. పదేళ్లలో రెండున్నర లక్షల వరకు తీసుకోవచ్చునని ఆ ఒప్పందం. అది ట్రిగ్గర్ జోలికి పోదు. దూరం కొలిచి, ఎక్కడ గురి పెట్టాలో కంటి ముందు చుక్కగా చూపిస్తుంది, అంతే. మన నౌకాదళం 2020 డిసెంబరులో ఇజ్రాయెల్ నుండి స్మాష్ 2000 ప్లస్ అనే పరికరాలకు ఆర్డరు ఇచ్చింది. అవి రైఫిల్‌కు తగిలించి చిన్న డ్రోన్లను కూల్చడానికి ఉద్దేశించినవి. పిట్టంత డ్రోన్‌ను మామూలు రైఫిల్‌తో కొట్టడం ఎంత కష్టమో ఊహించుకుంటే, దాని అవసరం నాకు బోధపడుతుంది.

ప్రశ్న: గోపాలపురంలో ఫిరంగులు పేల్చే రోజుల్లో మమ్మల్ని సముద్రం మీదికి పోవద్దంటారు. ఇప్పుడు ఆ ఫిరంగులు వాటంతట అవే చూసుకుని కాలుస్తాయని మా కుర్రాళ్లు అంటున్నారు. మరి అవి పడవను, విమానాన్ని వేరుచేసి గుర్తుపట్టగలవా? — ఒక నోలియా జాలరి, గోపాలపురం

ఇంత సూటి ప్రశ్న ఈ శీర్షికకు అరుదుగా వస్తుంది. అందుకే కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను.

తుపాకీకి కంప్యూటరు తోడవడం రైఫిల్‌తో మొదలవలేదు, విమానాలను కూల్చే ఫిరంగులతో మొదలైంది. మీ ఊరి పక్కనే ఉన్న సైనిక వాయు రక్షణ కళాశాలలో నేర్పే విద్య అదే. విమానం ఇప్పుడు ఉన్నచోట కాలిస్తే గుండు చేరేసరికి అది అక్కడ ఉండదు. ఉండబోయే చోట కాల్చాలి. మన సైన్యం దశాబ్దాలుగా వాడుతున్న 40 మిల్లీమీటర్ల ఎల్-70 ఫిరంగి గుండు సెకనుకు సుమారు 1000 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. రెండు కిలోమీటర్ల దూరం చేరడానికి దానికి రెండు సెకన్లకు తక్కువ పట్టదు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోయే డ్రోన్ ఆ రెండు సెకన్లలో వంద మీటర్లు ముందుకు పోతుంది. అంటే డ్రోన్‌కు వంద మీటర్ల ముందు, ఖాళీ ఆకాశంలోకి కాల్చాలి. మీరు నీటిలో కదిలే చేపల గుంపును చూసి, అది పోతున్న దిక్కుకు ముందుగా వల విసురుతారు కదా, అదే లెక్క. కాని ఇక్కడ కళ్లు మూసి తెరిచేలోగా తేలిపోవాలి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ లెక్కను మనుషుల చేతి నుండి యంత్రాలకు అప్పగించారు. అమెరికాలోని బెల్ ప్రయోగశాల తయారుచేసిన ఎం-9 అనే విద్యుత్ లెక్కయంత్రం, ఒక రాడార్, లక్ష్యానికి దగ్గరగా రాగానే తానే పేలే ఫ్యూజు, ఈ మూడూ కలిసి 1944లో జర్మనీ ఇంగ్లండు మీదికి పంపిన పైలట్ లేని ఎగిరే బాంబులలో, ఆ దాడి చివరి వారాల్లో, ఎక్కువ భాగాన్ని కూల్చివేశాయి. 1946లో లోకానికి చూపించిన ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటరును కట్టడం మొదలుపెట్టింది కూడా ఫిరంగి గుళ్ల దారులను లెక్కించే పట్టికల కోసమే. మనం ఈనాడు రేషను కార్డు నుండి రైలు టికెట్టు దాకా వాడుకునే యంత్రం పుట్టుకలో ఫిరంగి గురి ఉన్నదన్నమాట.

మన ఎల్-70లకు ఈ మధ్యకాలంలో పగటి కెమెరా, వేడిని చూసే కెమెరా, లేజరు దూరమాపకం బిగించి కొత్తగా తీర్చారు. 2025 మే నెలలో పాకిస్తాన్ నుండి వచ్చిన డ్రోన్ల మీద వీటిని వాడినట్లు సైన్యమే ప్రకటించింది. ఇక మీ ప్రశ్న. ఆ యంత్రం దేనిని వెంబడించమంటే దానిని చక్కగా వెంబడిస్తుంది. కాని దేనిని వెంబడించాలో చెప్పేది దాని వెనుక కూర్చున్న మనిషి. తెరచాపను, డ్రోన్‌ను వేరుచేసే తెలివి దానికి ఉందనే నమ్మకంతో మాత్రం మీరు సముద్రం మీదికి పోవద్దు. మీ ప్రాణానికి కాపు ఆ ఫిరంగి తెలివి కాదు. ఫలానా రోజుల్లో, ఫలానా హద్దులో ఎవరూ ఉండకూడదని ముందుగా చాటింపు వేసి, ఆ హద్దు ఖాళీగా ఉందని చూసుకున్న తరువాతే కాల్చే కట్టుబాటు. గురి తప్పిన గుండు, గాలిలో పేలని గుండు, కూలిన లక్ష్యం ముక్కలు, ఇవన్నీ పడేది నీళ్లలోనే. ఆ నోటీసు ఒడియాలో మాత్రమే వస్తే తెలుగులో కూడా కావాలని మీ సంఘం తరఫున కలెక్టరు గారికి అర్జీ పెట్టుకోండి. వేట మానుకున్న రోజుల కూలి నష్టం గురించిన మీ గోడు న్యాయమైనదే. అది వేరే ఉత్తరంగా వ్రాస్తే విడిగా ప్రచురిస్తాను.

ప్రశ్న: నేను సైన్యంలో పద్దెనిమిదేళ్లు పనిచేసి వచ్చాను. గురి అనేది శరీరానికి పట్టుబడే విద్య. మీట నొక్కితే చాలనే రోజు వస్తే ఆ విద్య ఏమవుతుంది? — ఒక మాజీ హవల్దారు, పర్లాకిమిడి

హవల్దారు గారూ, మీ వంటి ఒకరి దగ్గరే నేను మొదటిసారి రైఫిల్ పట్టుకున్నాను. కాలేజీలో ఉండగా ఎన్.సి.సి. శిబిరంలో ఇసుక బస్తా మీద .22 రైఫిల్ ఆనించి బోర్లా పడుకున్నాను. పాతిక గజాల దూరంలో కాగితం గుర్తు, అయిదు గుళ్లు. వెనుక గురిలోని సందులోంచి చూస్తే ముందు గురి మొన నా గుండె కొట్టుకున్నప్పుడల్లా చిన్నగా ఎగిరిపడుతూ ఉండేది. మా హవల్దారు నా పక్కన మోకాలి మీద కూర్చుని, "సగం ఊపిరి వదులు, ఆపు, ఇప్పుడు మీటను పిండు, లాగొద్దు" అని చెవిలో చెప్పేవారు. నా అయిదు గుళ్లు కాగితం మీద చేటంత మేర పరుచుకున్నాయి. ఆయనవి అయిదూ అరచేతి కింద మూతపడేంత చోట ఉన్నాయి. నేను సిగ్గుపడుతుంటే ఆయన అన్నమాట నాకు నేటికీ గుర్తుంది: "గుంపు చిన్నదవడం తరువాత సంగతి. ముందు నీ తుపాకీ మూతి ఎవరి వైపు ఉందో నీకు తెలియాలి."

కాబట్టి మీకు నా జవాబు ఇది. దూరం అంచనా, గాలి అంచనా, ఊపిరి పట్టు, వీటి విలువ తగ్గుతుంది, తగ్గదని చెప్పడం మిమ్మల్ని మభ్యపెట్టడమే. కాని బ్యాటరీ అయిపోతుంది, వానలో అద్దం మసకబారుతుంది, లేజరు పొగమంచులో తడబడుతుంది. అప్పుడు మిగిలేది మీ విద్యే. కనుక రెండూ నేర్పాలి. మొదట మామూలు గురితో నేర్పి తరువాత యంత్రం ఇవ్వాలి, తిరగేసి కాదు. ఇంకొక సంగతి నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. మీరు ఏళ్ల తరబడి గురి నేర్చుకుంటున్నప్పుడు గురితోపాటు మరొకటి కూడా నేర్చుకున్నారు: ఎప్పుడు కాల్చకూడదో. శిబిరంలో జరిగిన ఆలస్యం, తిట్లు, మళ్లీ మళ్లీ ఖాళీ తుపాకీతో చేసిన సాధన, అవన్నీ ఆ నిగ్రహాన్ని ఒంటికి పట్టించాయి. అయిదు నిమిషాల్లో గురి చేతికి వచ్చినవాడికి ఆ నిగ్రహం ఎక్కడ నుండి వస్తుంది? శిక్షణలో మిగిలిన కాలాన్ని దానికే ఖర్చుపెట్టాలని, మీవంటివారు ఆ మాట గట్టిగా అడగాలని నా కోరిక.

ప్రశ్న: తుపాకీలో కంప్యూటరు ఉంటే దానిని ఇంకొకరు హ్యాక్ చేయవచ్చు కదా? — కంప్యూటర్ డిప్లొమా విద్యార్థిని, రాయగడ

చేయవచ్చు, చేసి చూపించారు కూడా. మొదటి జవాబులో చెప్పిన ట్రాకింగ్‌పాయింట్ రైఫిల్‌లో వీడియో పంపడానికి వైఫై ఉండేది. రూనా సాండ్విక్, మైకేల్ ఆగర్ అనే భద్రతా పరిశోధక దంపతులు ఆ వైఫై ద్వారా లోపలికి చొరబడి 2015లో ఆ సంగతి బయటపెట్టారు. వారు చేసిన ఒక పని చూడండి. తూటా బరువు సుమారు 11 గ్రాములు. కంప్యూటరులో ఆ ఒక్క అంకెను మార్చి, తూటా 30 కిలోలకు పైగా ఉందని దానిని నమ్మించారు. కంప్యూటరు పాపం తప్పు అంకెతో ఒప్పు లెక్కే చేసింది. గుండు రెండున్నర అడుగులు ఎడమకు పోయి, పక్కన పెట్టిన రెండో గుర్తు నడిబొడ్డున తగిలింది. కాల్చినవాడి కంటికి దుర్భిణిలో దృశ్యం ఒక్కసారి చిన్నగా ఉలికిపడడం తప్ప వేరే తేడా కనిపించదు, అది కూడా చేయి కదిలినట్టే ఉంటుంది. తుపాకీని అసలు పేలకుండా కట్టడి చేయడం కూడా వారికి సాధ్యపడింది. సాధ్యపడనిది ఒక్కటే: దూరం నుండి దానిని పేల్చడం. ఎందుకంటే ట్రిగ్గర్‌ను మనిషి వేలు నొక్కితే తప్ప గుండు కదలని ఏర్పాటు అందులో ఉంది.

అమ్మా, మీరు చదువుతున్న విద్యకు ఇందులో పాఠం ఉంది. ఆ వైఫైకి తయారీలోనే పెట్టిన పాస్‌వర్డు ఉండేది, కొన్నవాడు దానిని మార్చుకోవడానికి వీలులేదు. ఇంటి రౌటరులో ఇటువంటి లోపం ఉంటే డేటా పోతుంది. ఇక్కడ పోయేది పక్కన నిలబడిన మనిషి. ఆ ఇనుప ట్రిగ్గర్ ఒక్కటి సాఫ్ట్‌వేర్‌కు లోబడకుండా మిగలడం వల్లనే ఆ ఇద్దరి చేతిలో ఆ తుపాకీ కీలుబొమ్మ కాలేదు. ప్రాణం పోయే చోట యంత్రంలో ఏ భాగం కంప్యూటరు మాట వినకూడదో ముందే తేల్చుకోవాలని నేను దీని నుండి నేర్చుకున్నాను.

ప్రశ్న: గుర్తు పెట్టేది మనిషి, పేల్చే క్షణం ఎంచుకునేది యంత్రం. తప్పు జరిగితే బాధ్యత ఎవరిది? చట్టం ఏమంటుంది? — ఒక ఉపాధ్యాయుడు, జయపురం

మాస్టారూ, మీరు సరైన చోట వేలు పెట్టారు. మామూలు తుపాకీలో కాల్చాలనే నిర్ణయానికి, పేలుడుకు నడుమ సందు లేదు. ఈ తుపాకీలో ఆ రెండింటి మధ్య ఒక సెకనో, మూడు సెకన్లో ఉంటుంది. ఆ మూడు సెకన్లలో ఎదుటివాడు చేతులెత్తవచ్చు, వాని ముందుకు ఒక పిల్లవాడు రావచ్చు. యంత్రం గుర్తును మాత్రమే చూస్తూ ఉంటుంది. మనిషి వేలు తీసేస్తే గుండు ఆగుతుంది, నిజమే. కాని ట్రిగ్గర్ నొక్కి పట్టి ఎదురుచూస్తున్నవాడి మనసు, పని అయిపోయిందనే భావనలోకి జారుకుంటుందని నా భయం.

చట్టం సంగతికి వస్తే, సంప్రదాయ ఆయుధాల ఒడంబడికకు చెందిన దేశాలు జెనీవాలో చర్చించి 2019లో పదకొండు మార్గదర్శక సూత్రాలను ఒప్పుకున్నాయి. ఆయుధాన్ని వాడాలన్న నిర్ణయానికి బాధ్యత మనిషి మీదనే ఉండాలి, జవాబుదారీని యంత్రానికి బదలాయించడం కుదరదు అన్నది అందులో ఒకటి. అయితే అవి సూత్రాలే గాని శిక్ష వేసే చట్టం కాదు. 2023 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో స్వయంచాలిత మారణాయుధాల (లక్ష్యాన్ని తామే ఎంచుకుని కాల్చేవాటి) మీద తీర్మానం వచ్చినప్పుడు 152 దేశాలు అనుకూలంగా, 4 వ్యతిరేకంగా వోటు వేశాయి. వ్యతిరేకించిన నాలుగింటిలో మన దేశం ఒకటి. ఈ చర్చకు జెనీవా వేదికే తగినదని మన ప్రభుత్వ వాదన. వేదిక ఏదైనా, మనవంటి పెద్ద దేశం కట్టుబడే నియమం త్వరగా వ్రాయించడం మనకే అవసరమని నేను నమ్ముతున్నాను. ఎందుకంటే గుర్తు పెట్టే పనిని కూడా మనిషి వేలి నుండి సాఫ్ట్‌వేర్‌కు మార్చడానికి ఇక కొత్త ఇనుప సామాను అక్కరలేదు. కెమెరా ఉంది, లెక్క ఉంది, వెంబడించే తెలివి ఉంది.

మామూలు పౌరులు ఇటువంటి తుపాకీ కొనవచ్చునా అని మరి ముగ్గురు అడిగారు. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ ఉండకూడదు. 2019 సవరణ తరువాత సాధారణ లైసెన్సుదారుకు రెండుకు మించి ఉండకూడదు. దీని మీద ఇంతకంటె చెప్పదగినది లేదు.

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. మా పొలం గుణుపురం దగ్గర, అడవి అంచున. అడవిపందులు జొన్న, కందులు బ్రతకనివ్వడం లేదు. మా తాతగారి నాటి మందుగుండు తుపాకీ ఒకటి లైసెన్సుతో ఉంది. రాత్రిపూట వేడిని చూపే దుర్భిణి ఆన్‌లైనులో దొరుకుతుందని, దానికి ఫోనులోని లెక్క యాప్ కలిపితే చీకట్లో కూడా గురి తప్పదని మా తమ్ముడు పట్టుబట్టాడు. అప్పు చేసి కొంటానంటున్నాడు. నాకు భయంగా ఉంది. వాడికి ఎలా చెప్పాలి? — ఒక పాఠకురాలు

అమ్మా, మీ భయం నిజమైనది. మీ తమ్ముడి కోపం కూడా నిజమైనదే. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో నేలపాలైనవాడిని తప్పుపట్టలేను.

మొదట అతనికి నచ్చే తర్కమే చెప్పండి: ఆ డబ్బు దండగ. కంప్యూటరు లెక్కకు ప్రాణం ఏకరూపత. ఫ్యాక్టరీ తూటాలో మందు తూచినట్టు ఉంటుంది, గొట్టం లోపలి మెలి గాట్లు తూటాను బొంగరంలా తిప్పుతాయి, అందుకే వెనుకటి గుండు పోయిన దారినే తరువాతిది కూడా పోతుంది. మూతిలోంచి చేతితో మందు పోసి, గుడ్డ కుక్కి, కడ్డీతో కూరే తుపాకీలో ఈ రోజు పోసినంత మందు రేపు పోయము. తేమ తగిలిన రోజు మందు మరొకలా మండుతుంది. నున్నటి గొట్టం దేనినీ తిప్పదు. యాప్ చెప్పే అంకె ఎంత కచ్చితమైనదైనా ఈ తుపాకీకి అది అక్కరకు రాని చుట్టం.

ఇక చట్టం. పంటకాపు కోసం మందుగుండు తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఆయుధాల చట్టంలో ఉంది. కాని ఆ లైసెన్సు అడవి జంతువును చంపడానికి అనుమతి కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం పంటను పాడుచేసే అడవిపందిని చంపాలన్నా అధికారం ఉన్న అటవీ అధికారి వ్రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. ఉత్తర్వు లేకుండా చంపడమే కాదు, చంపబోవడం కూడా ఆ చట్టంలో వేట కిందికే వస్తుంది. జైలు శిక్ష ఉంది. అప్పు చేసి కొన్న దుర్భిణితో సహా తుపాకీ జప్తు అవుతుంది.

ఇవి రెండూ చెప్పిన తరువాత అసలు మాటకు రండి. వేడిని చూపే దుర్భిణిలో మనిషి ముఖం కనబడదు, చీర రంగు కనబడదు. నల్లటి తెర మీద తెల్లటి ముద్ద ఒకటి కదులుతుంది. చవక పరికరంలో, డెబ్బై ఎనభై అడుగులు దాటిందంటే, నేల మీద వంగిన ఒళ్లు పందిదో మనిషిదో చెప్పడం కష్టం. మీ ప్రాంతంలో ఇప్పపూలు రాలే రోజుల సంగతి నాకంటె మీకే బాగా తెలుసు. కోడి కూయకముందే సవర ఆడవాళ్లు, వారి వెంట పిల్లలు, బుట్టలు పట్టుకుని చెట్ల కింద గొంతుకూర్చుని పూలు ఏరుతారు. పశువులు, ఎలుగుబంట్లు వచ్చేలోగా ఏరుకోవాలని వెలుతురు కోసం ఆగరు. మాట్లాడుకోరు. ఎండుటాకుల మీద వారి కదలిక చప్పుడు వేరు, పంది ముట్టెతో తవ్వే చప్పుడు వేరు అని మీ తమ్ముడు అంటాడు. దశరథుడు కూడా అలాగే అనుకున్నాడు. సరయూ తీరాన చీకట్లో కుండ మునిగే చప్పుడు విని, ఏనుగు నీళ్లు తాగుతోందని బాణం వేశాడు. శబ్దవేధి విద్యలో ఆయనకు సాటిలేదు, ఆ రాత్రి గురి వెంట్రుకవాసి కూడా తప్పలేదు. తగిలింది గుడ్డి తల్లిదండ్రుల కోసం నీళ్లు ముంచుతున్న శ్రవణకుమారుడికి.

నేను ఈ ఉత్తరాలన్నీ చదివిన తరువాత నా మనసులో నిలిచింది ఇదే. ఈ యంత్రాలు, అమెరికాలోని ఖరీదైన రైఫిలైనా, ఆన్‌లైనులో దొరికే దుర్భిణి అయినా, కొట్టాలనుకున్నదానిని కొట్టడానికి సాయపడతాయి. కొట్టాలనుకున్నది ఏమిటో చెప్పవు. పాత తుపాకీతో చీకట్లో కాల్చినవాడు చాలాసార్లు గురి తప్పేవాడు. ఆ తప్పడం వల్ల బ్రతికిపోయినవాళ్లు మన పల్లెల్లో ఎందరో ఉంటారు. గురి తప్పనిచ్చే పరికరం కాదు గనుక, గుర్తుపట్టడంలో చేసిన పొరపాటును ఇది ఇక క్షమించదు.

పంట సంగతికి మార్గం లేకపోలేదు. నష్టం జరిగిన మరునాడే, తొక్కిన మొక్కలు తీసేయకముందే, ఫోటోలు తీయండి. పొలం పక్కన గిట్టల గుర్తులు కూడా ఫోటోలో పడనివ్వండి. పట్టా కాగితం నకలు జతచేసి అటవీ రేంజి కార్యాలయంలో పరిహారానికి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఒడిశాలో పంట నష్టానికి అటవీశాఖ పరిహారం ఇచ్చే ఏర్పాటు ఉంది. పంటల గట్ల మీద కరెంటు తీగ వేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, దానితో చనిపోయిన మనుషులు, ఏనుగులు మన జిల్లాలలో చాలా ఉన్నారు. మీ గట్టుకు ఆనుకుని ఉన్న నాలుగు కుటుంబాలు కలిసి వంతులవారీగా మంచె మీద కాపుంటే ఒక్కడికి ఆ కోపం, నిద్రలేమి రెండూ తగ్గుతాయి.

మీ తమ్ముడికి ఈ జవాబు చదివి వినిపించండి. విననంటే పోట్లాడకండి. ఇప్పపూల కాలం వచ్చినప్పుడు ఒక తెల్లవారుజామున, తుపాకీ ఇంట్లో ఉంచి, అతన్ని మీ పొలం అంచు దాకా తీసుకుపోండి. టార్చి వేయకుండా అరగంట కూర్చోండి. చెట్ల కింద ఎన్ని ఆకారాలు కదులుతున్నాయో లెక్కపెట్టమనండి. తెల్లారాక వాళ్లలో ఎవరెవరు ఉన్నారో పేర్లు చెప్పమనండి. మీ ఊరి చిన్నపిల్లలే చాలామంది ఉంటారు, అందరూ అతనికి తెలిసినవాళ్లే.